వినతిపత్రంలో మన పని కనబడాలి

దేవరకొండ

బిడ్డా,

మీ సెక్టారు కేంద్రాల అంగన్‌వాడీ టీచర్లంతా నిన్నే ముందు నడవమన్నారని, సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కలెక్టరు గారికి వినతిపత్రం ఇవ్వబోతున్నారని మీ అమ్మ చెప్పింది. నీవు పంపిన ముసాయిదా రెండుసార్లు చదివాను. అందులో మన కష్టాలు చాలా ఉన్నాయి గాని, మన పని ఎక్కడా లేదు. చాలీచాలని డబ్బులతో బతుకుతున్నాం, కనికరించండి అని మొదలైన కాగితాన్ని ఏ అధికారైనా జాలిగా చదివి, అంతే సులువుగా పక్కన పెడతారు. మనది చదువు చెప్పే ఉద్యోగమని, దానికి తగిన హోదా అడుగుతున్నామని మొదటి వాక్యంలోనే తెలియాలి.

దీనికి ఆధారాలు ఉన్నాయి. 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు మనవి సివిల్ పోస్టులు, అంటే ప్రభుత్వ ఉద్యోగాలు, కావని తేల్చింది. అధికారులు మనకు చూపేది ఎక్కువగా ఆ తీర్పే. అయితే 2022 ఏప్రిల్ 25న మణిబెన్ మగన్‌భాయ్ భారియా కేసులో అదే కోర్టు, కొలువు విడిచేటప్పుడు ఇచ్చే ఒకేసారి మొత్తానికి సంబంధించిన 1972 నాటి గ్రాట్యుటీ చట్టం టీచర్లకూ ఆయాలకూ వర్తిస్తుందని, మనకిచ్చే గౌరవ వేతనం ఆ చట్టం దృష్టిలో వేతనమేనని చెప్పింది. మూడేళ్ళు దాటిన పిల్లల పూర్వ ప్రాథమిక విద్య గురించి విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ చెప్పిన పనిని అంగన్‌వాడీ కేంద్రాలు చేస్తున్నాయని కూడా గుర్తించింది. నా లెక్కలో గ్రాట్యుటీ కన్నా మనకు ఈ మాటే విలువైనది. రెండు తీర్పులనూ ప్రస్తావించు. మొదటిదాన్ని దాచితే అవతలివారు దాన్నే తీసి మన నోరు మూయిస్తారు.

తరువాత, ప్రతి కేంద్రంలోనూ రిజిస్టర్లకు విడిగా ఒక నోటు పుస్తకం పెట్టించు. అందులో ఫిర్యాదులు వద్దు, జరిగినది మాత్రమే రాయాలి. మీ తండానే తీసుకో: పోషణ్ ట్రాకర్ యాప్‌లో గర్భిణి ముఖం ఫొటో ఎక్కించడానికి సిగ్నల్ దొరకక, ఆమెను వెంటబెట్టుకొని గుట్ట దాకా నడిచి, తిరిగి వచ్చేసరికి గర్భిణులకు, బాలింతలకు పెట్టే ఆరోగ్య లక్ష్మి భోజనం వేళయిందనుకుందాం. గుడ్లు ఉడికించి, పాలు కొలిచి పోసి, వచ్చిన తల్లులకు వడ్డించే సరికి పిల్లల అక్షరాల పాఠం ఎగిరిపోతుంది. ఆ పాఠం ఏ తేదీన, ఎందుకు పోయిందో రాయాలి. ఓటర్ల జాబితా పని, సర్వేలు ఎవరు చెప్పారో, ఎన్ని గంటలు పట్టాయో రాయాలి. నోటిమాటగా కాక వాట్సాప్‌లో చెప్పి ఉంటే ఆ మెసేజ్ తీసేయవద్దు. అద్దె, గ్యాస్ బిల్లు ఆలస్యమై మీరు చేతి నుంచి కట్టిన డబ్బుకు రసీదు దాచాలి. ఇలాంటి పుస్తకాలు ఇరవై కేంద్రాలవి ఒకచోట పెడితే, పని భారం పెరిగిందని మనం గొంతు పెంచి చెప్పనక్కరలేదు.

ముసాయిదాలో ఆయాల మాట చివర ఒక్క ముక్కలో ఉంది, అది నాకు నచ్చలేదు. 2021లో గౌరవ వేతనం పెంచినప్పుడు టీచరుకు నెలకు 13,650 రూపాయలైతే ఆయాకు 7,800 మాత్రమే అయింది. పొయ్యి దగ్గర నిలబడేదీ, పిల్లలు తడిపిన బట్టలు మార్చేదీ ఆమే. ఆమె సంతకం నీ సంతకం పక్కనే ఉండాలి.

సమ్మె గురించి అడిగావు. 2023 సెప్టెంబరులో తెలంగాణ అంతటా కేంద్రాలు మూసి కూర్చున్నప్పుడు మొదట ఇబ్బంది పడ్డది కలెక్టరేట్లు కావు, పిల్లలను మన దగ్గర వదిలి పత్తి చేలలో పనికి వెళ్ళే తల్లులు. అందుకే నోటీసు ఇవ్వడానికి ముందే వాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడండి. వాళ్ళు మీవైపు ఉంటే సర్పంచ్ కూడా ఉంటాడు. తాళం వేసే రోజున గుడ్లు, పాలు, పిల్లల పోషకాహార పొడి బాలామృతం నిల్వను సాక్షుల ముందు లెక్కించి సంతకాలు తీసుకోండి. లేకపోతే సమ్మె ముగిసిన తరువాత గుడ్ల లెక్క తప్పిందని మెమోలు వస్తాయి.

సోమవారం ప్రజావాణి రసీదు తీసుకోకుండా కదలవద్దు. ఒక ప్రతి సీడీపీఓ (శిశు అభివృద్ధి పథకం అధికారి) కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకో. మార్చిన ముసాయిదా శనివారంలోగా పంపితే దిద్ది ఇస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ