అద్దె తక్కువని మురిసిపోకు, కిందటి చలికాలం బిల్లులు అడుగు

బాబూ, అమెరికాలో కొత్తగా దిగి నువ్వు నన్నడిగినవి నాలుగు. పాప స్కూలు, డ్రైవింగ్ లైసెన్సు, మనవాళ్లెవరూ లేని చోట మీ ఆవిడకి పొద్దుపోకపోవడం, ఆఖర్న ఒక్క ముక్కలో ఇంటి హీటింగు. నేను ఆ ఆఖరిదానికే జవాబు రాస్తున్నాను. మొదటి మూడూ మెల్లిగా సర్దుకుంటాయి. హీటింగు సర్దుకోదు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా బిల్లు వస్తూనే ఉంటుంది.

మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్‌లో అద్దెకి మూడిళ్లు చూశానన్నావు. ఒకటి హీటింగు అద్దెలోనే కలిసినది. రెండోది ఆయిల్ ఇల్లు, అంటే ట్యాంకులో నూనె పోయించుకుని, అది కాల్చి వేడిచేసుకునేది, అద్దె నెలకి 200 డాలర్లు తక్కువ. మూడోది కొత్తగా రంగులేసి మెరిసిపోతోంది, గోడల వారన కరెంటు బేస్‌బోర్డు హీటర్లు, అద్దె అన్నిటికన్నా తక్కువ. నీ మనసు ఆ మూడోదాని మీదే ఉందని చదవగానే తెలిసిపోయింది. కొత్తగా దిగినవాళ్లందరి మనసూ అక్కడే పడుతుంది. డాలర్‌ని రూపాయల్లోకి మార్చి చూసుకునే రోజులు కదా, అద్దె అంకె ఒక్కటే కనిపిస్తుంది.

నేనూ అలాగే చూసుకున్నాను. చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో ఇంటి అప్పు, చెల్లెలి పెళ్లి బాకీ అప్పటికింకా తీరలేదు. న్యూ హాంప్‌షైర్‌లో ఒక పాత చెక్కింట్లో కింది వాటా తీసుకున్నాను. అది ఆయిల్ హీటింగు ఇల్లు. మొదటిసారి ట్యాంకు నింపించి బిల్లు చూశాక గుండె జారిపోయింది. అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. థర్మోస్టాట్ పూర్తిగా తగ్గించేసి, సేల్‌లో స్పేస్ హీటర్లు కొని గదికొకటి పెట్టాను. మనం కూర్చున్న గది వేడిగా ఉంటే చాలు, ఇల్లంతా ఎందుకు కాల్చాలని నా వాదన. ఆఫీసులో నలుగురికి గొప్పగా చెప్పాను కూడా.

జనవరిలో ఒక రాత్రి వంటింటి సింకు వెనక పైపు గడ్డకట్టి చిట్లింది. ఆ సింకు ఉత్తరం గోడకి ఉంది, కింద అలమర తలుపులు ఎప్పుడూ మూసే ఉండేవి, గదిలో వేడి లోపలికి పోయే దారి లేదు. తెల్లారి చూస్తే బేస్‌మెంట్ కప్పు నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. సరిగ్గా ఆ ధార కిందే మా సోనామసూరి బస్తా. బియ్యమంతా ఉబ్బి, గోనె కుట్లు తెగి, నేలమీద తెల్లటి ముద్దలా పరుచుకుంది. బియ్యం చూసి మా ఆవిడ ఏడ్చింది, ప్లంబర్ బిల్లు చూసి నేను ఏడ్చాను. ఇల్లు ఎప్పుడూ 55 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గకుండా ఉంచాలని లీజులో రాసే ఉంది, నేను చదవలేదు. డిపాజిట్ పోయింది. ఆ నెల కరెంటు బిల్లు వేరే.

స్పేస్ హీటర్ ఎంత తింటుందో అప్పుడు నాకెవరూ చెప్పలేదు, నీకు నేను చెబుతున్నాను. మామూలు హీటరు 1,500 వాట్లు, అంటే గంటకి యూనిట్టున్నర. రోజుకి పది గంటలు నడిస్తే 15 యూనిట్లు. మసాచుసెట్స్‌లో అన్ని చార్జీలూ కలిపి యూనిట్ 30 సెంట్లు పడుతుందనుకుంటే ఒక్క గదికే నెలకి 135 డాలర్లు. దాన్ని ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలించకు, ఇళ్లు కాలిపోతాయి. సరాసరి గోడ ప్లగ్గులోనే పెట్టు.

ఇప్పుడు అసలు లెక్క. గ్యాలన్ ధరని గ్యాలన్ ధరతో పోల్చడం కొత్తవాళ్లు చేసే పని. వేడిని వేడితో పోల్చాలి. ఒక గ్యాలన్ హీటింగ్ ఆయిల్లో సుమారు 1,38,000 బీటీయూల వేడి ఉంటుంది (బీటీయూ అంటే వేడిని కొలిచే లెక్క). పాత బాయిలర్ అందులో 85 శాతం ఇంట్లోకి ఇచ్చిందనుకో. అంత వేడి కరెంటు బేస్‌బోర్డు నుంచి రావాలంటే 34 యూనిట్లు కాలాలి. అంటే పది డాలర్లు. గ్యాలన్ ఆయిల్ నాలుగు డాలర్లనుకున్నా, రంగులేసిన ఆ మూడో ఇంట్లో అదే వెచ్చదనానికి రెండున్నర రెట్లు కడతావు. చలికాలానికి 500 గ్యాలన్లు పట్టే ఇల్లయితే ఆయిల్‌కి 2,000 డాలర్లు, బేస్‌బోర్డుకి 5,100. ఆ ఇల్లు ఎందుకు ఖాళీగా ఉందో ఇప్పుడు అర్థమైందా?

హీట్ పంపు సంగతి వేరు. చూడ్డానికి మన విజయనగరం ఇళ్లలో గోడకి బిగించే స్ప్లిట్ ఏసీయే, తిరగేసి పనిచేస్తుంది. బయటి గాల్లో ఉన్న వేడిని లోపలికి తోడుతుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుకి రెండున్నర, మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. మరీ గడ్డకట్టే చలిలో అంత ఇవ్వదు. నేనన్న 30 సెంట్ల రేటు మీద లెక్క వేస్తే ఆయిల్‌తో ఇంచుమించు సమానం. మసాచుసెట్స్‌లో హీట్ పంపు ఉన్న ఇళ్లకి చలికాలం తక్కువ రేటు ఉంది, అందులో నీ మీటరు ఉందో లేదో చూసుకో, అప్పుడు ఆయిల్ కన్నా చవకే. సొంతిల్లు కొన్నాక పెట్టించుకోవచ్చనుకుంటావేమో, ఫెడరల్ పన్ను రాయితీ 2025తో అయిపోయింది. రాష్ట్రంలో దొరికే రాయితీ మాస్ సేవ్ అని కరెంటు, గ్యాస్ కంపెనీలు నడిపే పథకం వాళ్ల దగ్గర ఉంటుంది, కనుక్కో.

వీధిలో పైపు గ్యాస్ ఉన్న ఇల్లు దొరికితే మామూలుగా అది ఆయిల్ కన్నా తక్కువలో పోతుంది. అయినా 2025 ఫిబ్రవరిలో గ్యాస్ బిల్లులు చూసి మసాచుసెట్స్ అంతా గగ్గోలు పెట్టింది. బిల్లులో గ్యాస్ ధర ఒక వరస, దాన్ని మీ ఇంటిదాకా తెచ్చినందుకు ఇంకో వరస. చాలాసార్లు రెండోదే పెద్దది. ప్రొపేన్ అని ట్యాంకులో నింపే గ్యాస్ ఇంకోటి ఉంది, దాని గ్యాలన్‌లో వేడి 91,500 బీటీయూలే, అంటే ఆయిల్ గ్యాలన్‌లో మూడింట రెండొంతులు. బోర్డు మీద ధర తక్కువ కనిపిస్తే మోసపోకు. పైగా ప్రొపేన్ ట్యాంకు ఎక్కువగా కంపెనీదే ఉంటుంది, అలాంటప్పుడు ఇంకొకరి దగ్గర నింపించుకోలేవు.

మొన్న సిరిమానోత్సవానికి విజయనగరం వస్తే మూడు లాంతర్ల దగ్గర మీ నాన్నగారు కనిపించారు. ఆ జనంలోనే చెయ్యి పట్టుకుని ఆపేశారు. "మావోడు సలికి కూడా సొమ్ము కడతన్నాడంట, అదేటి బాబూ?" అన్నారు. పలాస జీడి ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి, పిక్కల తొక్కు ఎంత మంట ఇస్తుందో, ఎంత పొగ కక్కుతుందో తెలిసినవారు. నేను ఆయిల్ ట్యాంకు గురించి చెబుతుంటే మధ్యలో ఆపి, "అయితే ఆ నూనె ఎప్పుడు కొంటే సవక?" అని అడిగారు. నీకు తట్టని ప్రశ్న అది.

మామూలుగా ఎండాకాలంలో. కానీ అక్కడా ఒక గొయ్యి ఉంది, అందులో నేను పడ్డాను. 2008 జులైలో ముడి చమురు బ్యారెల్ 147 డాలర్లకి ఎక్కింది. చలికాలానికి హీటింగ్ ఆయిల్ ఆరు డాలర్లవుతుందని ఆఫీసులో ఒకటే గోల. నేను భయపడి, నాలుగున్నర దాటిన ధరకి చలికాలం మొత్తానికీ ఫిక్స్‌డ్ ధర కాయితం మీద సంతకం పెట్టి, ముందే సొమ్ము కట్టేశాను. సెప్టెంబరులో బ్యాంకులు కూలాయి, చమురూ కూలింది. డిసెంబరుకి బయట గ్యాలన్ రెండున్నర డాలర్ల చుట్టుపక్కలకి వచ్చేసింది. మా వీధిలో పక్కింటికి ఆ ధరకి పోసి, అదే లారీ గొట్టం లాక్కొచ్చి మా ఇంటికి నా ధరకి పోసేది. మా నాన్న కళ్లంలోనే షావుకారుకి ధాన్యం అమ్మేస్తే తొందరపడ్డావని దెబ్బలాడేవాణ్ణి నేను! ఆ ఏడాది ఆ సంగతి ఇంటికి ఫోన్లో చెప్పలేదు.

ఆ కాయితంలోనే ఇంకో వరస ఉంది, క్యాప్ ధర అని. దానికి కొంచెం అదనంగా కట్టాలి. ధర ఎంత పెరిగినా నీకు క్యాప్ దాటదు, తగ్గితే నీకూ తగ్గుతుంది. ఫిక్స్‌డ్ అయితే పెరగదు, తగ్గదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక గ్యాలన్ ఐదు డాలర్లు దాటినప్పుడు నేను క్యాప్‌లో ఉన్నాను, హాయిగా నిద్రపోయాను. నువ్వు ఇంకా అద్దెకున్నవాడివి కాబట్టి రెండూ వద్దు. నలుగురు డీలర్ల రోజువారీ ధర అడిగి, ట్యాంకు పావుకి రాకముందే పోయించుకో. ట్యాంకు మీద చిన్న ప్లాస్టిక్ గొట్టంలో ఎర్ర బిళ్ల ఉంటుంది, అదే గేజి. కొన్ని ఇరుక్కుపోయి నెలల తరబడి ఒకే చోట నిలబడతాయి, మెల్లిగా తట్టి చూడాలి. 275 గ్యాలన్ల ట్యాంకులో 250 దాకానే పోస్తారు, మిగతాది గాలికి.

ఆయిల్ పూర్తిగా అయిపోయి బర్నర్ ఆగిపోతే ఎర్ర రీసెట్ బటన్ పదేపదే నొక్కకు, లోపల నూనె చేరిపోతుంది. అర్ధరాత్రయితే బంకులో ఐదు గ్యాలన్ల డీజిల్ తెచ్చి పోస్తే ఆ రాత్రికి గడుస్తుంది. గొట్టంలో గాలి తీయడం తెలిసినవాణ్ణి పిలవాలి.

నీ మూడిళ్ల లెక్క నేనే కట్టేస్తాను. మూడోది వదిలెయ్. మొదటిదానికీ రెండోదానికీ ఏడాదికి 2,400 డాలర్ల తేడా. ఆయిల్ ఇల్లు కిందటి చలికాలం 500 గ్యాలన్లు తాగితే నీకు 400 మిగులుతాయి. 700 తాగితే 400 పోతాయి. అందుకని ఇంటి ఓనర్ని పాత ఆయిల్ రసీదులు అడుగు. లేవంటే అది ఎక్కువ తాగే ఇల్లనుకో. అది మూడంతస్తుల ఇంట్లో రెండో అంతస్తు అన్నావు, అది నీ అదృష్టం. పైవాళ్ల వేడీ కిందివాళ్ల వేడీ నీకు కొంత కలిసొస్తుంది. ట్యాంకు నీ వాటాకి విడిగా ఉందో, పైవాళ్లతో కలిసి ఉందో కూడా చూడు. చేరిన రోజు గేజి ఫోటో తీసి, ఎంత ఉందో లీజులో రాయించు, ఖాళీ చేసేటప్పుడు ఎంత ఉంచాలో కూడా. ఓనరు పగలు 68, రాత్రి 64 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చేలా చూడాలని రాష్ట్రం రూలు, ఆయిల్ ఖర్చు ఎవరు కట్టాలో కాయితం మీద ఉండాలి. మిగతావి రాష్ట్రం సైట్లో ఉన్నాయి, చదువుకున్నవాడివే కదా.

కిటికీలకి వేసే ప్లాస్టిక్ షీటు కిట్లు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి, హెయిర్ డ్రయ్యర్‌తో బిగదీయాలి. మీ ఆవిడకి పొద్దుపోవడం లేదన్నావుగా, ఇద్దరూ కలిసి అంటించండి, ఒక ఆదివారం గడుస్తుంది. స్కూలు, లైసెన్సు సంగతి తర్వాత రాస్తాను. ముందు ఆ రసీదులు తెప్పించి నాకు పంపు, నేను చూసి చెప్పేదాకా సంతకం పెట్టకు.