కరెంటు పోతే స్ట్రీమర్ చెడిపోతుందా?

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌తో చేసుకున్న మ్యూజిక్ స్ట్రీమర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడ ఉంటుంది? హఠాత్తుగా కరెంటు పోతే అది చెడిపోతుందా?

జవాబు: సాధారణంగా అది మైక్రో ఎస్‌డీ కార్డులో ఉంటుంది. కార్డు మీద ఏదైనా రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ (కార్డులో ఫైళ్ల అమరిక) దెబ్బతినవచ్చు. కేవలం చదువుతున్నప్పుడు పోతే ఆ ప్రమాదం చాలా తక్కువ. అందుకే ఇలాంటి స్ట్రీమర్ల కోసం చేసిన వాల్యూమియో అనే సాఫ్ట్‌వేర్ తన మూల వ్యవస్థను చదవడానికి మాత్రమే వీలయ్యే కుదించిన ఫైలుగా ఉంచి, మీరు చేసే మార్పులను దానిపై వేరొక పొరగా భద్రపరుస్తుంది. టైనీ కోర్ లినక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఆధారంగా రూపొందిన పైకోర్‌ప్లేయర్ అనే మరో సాఫ్ట్‌వేర్ అయితే, ఆన్ అయ్యాక పనంతా ర్యామ్‌లోనే (కరెంటు పోగానే చెరిగిపోయే తాత్కాలిక మెమరీలోనే) నడుపుతూ, కార్డు మీద రాయడం దాదాపు మానేస్తుంది. కరెంటు కోతలున్న ఇంటికి నేను దీన్నే సూచిస్తాను. అయితే సెట్టింగులు మార్చినప్పుడు సేవ్ చేయకపోతే, స్ట్రీమర్‌ను ఆపగానే అవి పోతాయి.