నీళ్లలో ఫోటోలన్నీ నీలంగా వస్తుంటే

అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) డైవింగ్‌కి వెళ్తే ఫోటోలన్నీ నీలంగా వచ్చాయి, ఫ్లాష్ వేస్తే తెల్ల చుక్కలు పడ్డాయి, ఏ సెట్టింగ్ పెట్టాలి అని అడిగారు. నాకూ అచ్చం ఇదే జరిగింది, అదీ అక్కడే. మొదటి ట్రిప్పులో రెండొందలకు పైగా తీస్తే దాచుకోదగ్గవి నాలుగు.

సెట్టింగ్ సంగతి తర్వాత, ముందు దూరం చూడండి. నీళ్లు ఎరుపును మింగేస్తాయి. 5 మీటర్ల లోతుకే అది చాలావరకు పోతుంది. గుళ్లో చేతికి కట్టిన ఎర్రదారం నాకు 12 మీటర్ల దగ్గర నల్లగా కనిపించింది, టార్చ్ దగ్గరగా పెట్టగానే మళ్లీ ఎర్రగా భగ్గుమంది! లోతు ఒక్కటే కాదు, చేపకీ లెన్సుకీ మధ్య ఉన్న నీళ్లూ లెక్కే, అందుకే జూమ్ జోలికి పోకుండా మీరే చేపకు మీటరు కంటే దగ్గరికి వెళ్లండి (పగడాలకు తగలకుండా). మాస్క్‌లోంచి అన్నీ ఉన్నదానికంటే దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి, వచ్చేశాం అనుకున్నాక కూడా ఇంకాస్త ముందుకు.

ఆ తెల్ల చుక్కలు నీళ్లలో తేలే నలుసులు. కెమెరా ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది కదా, లంబసింగి పొగమంచులో హై బీమ్ వేసినట్టు వెలుగంతా తిరిగి మొహం మీదకే వస్తుంది. దాన్ని ఆపేయండి. స్ట్రోబ్ (కెమెరాకు విడిగా తగిలించే ఫ్లాష్) ఉంటే చేయి చాపినంత పక్కకి పెట్టి కొంచెం బయటికి తిప్పండి, వెలుగు అంచు మాత్రమే చేపకు తగలాలి. నేను షట్టర్ 1/125, అపర్చర్ ఎఫ్ 8, ఐఎస్‌వో 200తో మొదలుపెడతా, వెనక నీళ్లు మరీ నల్లగా వస్తే షట్టర్ 1/60కి తగ్గిస్తా. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) డేలైట్.

స్ట్రోబ్ లేకపోతే కథ వేరు. వైట్ బ్యాలెన్స్ మాన్యువల్‌లో పెట్టి, ఆ లోతులోనే ఇన్‌స్ట్రక్టర్ తెల్ల పలకని చూపించి సెట్ చేయండి, ఇంకో మూడు నాలుగు మీటర్లు దిగితే మళ్లీ చేయాల్సిందే, విసుగే కానీ తప్పదు. పొద్దున 10 నుంచి 2 లోపు, ఎండ మీ వీపు వైపు ఉండేలా చూసుకుని తీయండి. ఐఎస్‌వో 400 దాకా పెంచినా ఫర్వాలేదు. రా ఫైల్ (కెమెరా కుదించకుండా దాచే ఫైల్) మాత్రం తప్పనిసరి, జేపెగ్‌లో పోయిన రంగుని ఇంటికొచ్చాక లాగడం కష్టం.

హౌసింగ్‌ని (కెమెరాకి నీళ్లు తగలకుండా తొడిగే పెట్టె) ఏసీ గదిలోనే మూయండి, పడవ మీద ఉక్కలో మూస్తే లోపల ఆవిరి పడుతుంది. ఓ-రింగ్ (నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగు) మీద వెంట్రుక ఉందేమో వేలితో తడిమి చూడండి. ఒక్క వెంట్రుకకే నా పాత కెమెరా పోయింది.

ఇంకోటి, ఒకేచోట కదలకుండా తేలడం రాకపోతే కెమెరా పైనే వదిలేయండి. ఫిన్స్‌తో (కాళ్లకు తొడిగే రెక్కలు) ఇసుక లేపారంటే ఎంత ఖరీదైన స్ట్రోబ్ ఉన్నా చుక్కలే.