ముస్తాంగ్ కొన్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి హనుమకొండ నుంచి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫోర్డ్ ముస్తాంగ్ కారు ఫొటోలు చూశాను. రంగు బాగుంది. మీ అమ్మ మాత్రం ఫోను చేసి, "రెండు తలుపుల కారు ఎవరైనా కొంటారా, వెనక సీట్లోకి వెళ్లాలంటే మనిషి మడతపడాలి" అని అరగంట సేపు మాట్లాడింది. ఆమె భయం తలుపుల గురించి కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. నీతో అనలేక నాతో అంది. నాకు ఫోనులో మాట్లాడటం చేతకాదు కాబట్టి రాస్తున్నాను.

ముందే ఒక మాట. వేగం మీద నాకు కోపం లేదు. ఐదు లీటర్ల వి8 ఇంజిన్, దాదాపు నాలుగు వందల గుర్రాల శక్తి. అది ఒకసారి గొంతు విప్పితే వినాలని ఎవరికి ఉండదు? నాకూ ఉంది. కాకపోతే ఉద్యోగమంతా బీమా సర్వేయర్‌గా గడిపినవాడిని. బండ్లు ఎలా పరుగెత్తుతాయో చూసినదానికంటే ఎలా ఆగిపోయాయో చూసిందే ఎక్కువ.

నుజ్జయిన కారు దగ్గరకు వెళితే నేను మొదట చూసేది బానెట్టు కాదు, సీటు బెల్టు. బరువు పడిన బెల్టుకు భుజం పైన కొక్కెంలోంచి జారే చోట రాపిడి గీత ఉంటుంది. ఒక్కోసారి కొక్కెం మీది ప్లాస్టిక్ కరిగి పట్టీకి సన్నగా అంటుకుని ఉంటుంది. అంతగా నుజ్జయిన బండిలో ఆ గీత లేదంటే మనిషి బెల్టు పెట్టుకోలేదేమోనని అనుమానించాలి. తరువాత టైరు పక్క గోడ మీద చివరి నాలుగు అంకెలు చూస్తాను: మొదటి రెండూ తయారైన వారం, తరువాతి రెండూ సంవత్సరం. లక్షలు పోసి కొన్న బండ్లకు ఏడెనిమిదేళ్ల నాటి టైర్లు ఉండటం నాకు కొత్త కాదు. సెకండ్ హ్యాండ్‌లో అమ్మేవాడు రంగు వేయిస్తాడు, సీట్లు తుడిపిస్తాడు. నాలుగు కొత్త టైర్లు మాత్రం కొనడు. అరుగుదల లేకపోయినా రబ్బరు గట్టిపడుతుంది, పట్టు పోతుంది. నీ బండికి అంకెలు ఏమున్నాయో ఈ ఉత్తరం చదవడం ఆపి చూసి రా.

ఇక అసలు విషయం. పందెం వేద్దామని ఇంట్లో నిర్ణయించుకుని ఎవరూ బయలుదేరరు. అది కాకతీయ యూనివర్సిటీ (కేయూ) క్రాస్ రోడ్డులో ఎర్ర దీపం దగ్గర మొదలవుతుంది. పక్కన ఒక బైకు ఆగుతుంది. పంతొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లవాడు, హెల్మెట్ చేతికి తగిలించుకుని ఉంటాడు. నీ బండి వైపు చూస్తాడు, "అన్నా, సౌండ్ వినిపించు" అంటాడు. నువ్వు నవ్వి ఒకసారి ఆక్సిలరేటర్ నొక్కుతావు. అందులో తప్పేమీ లేదనిపిస్తుంది. వాడూ తన బైకు రేజ్ చేస్తాడు. దీపం పచ్చగా మారుతుంది. ఇప్పుడు పందెం మొదలైంది. ఎవరూ ఆ మాట అనలేదు, అంతే.

ఆ పందెంలో నీ చుట్టూ ఉక్కు ఉంది, ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. వాడికి ఉన్నది టీ షర్టు. నువ్వు గెలిచినా ఓడినా నిన్ను అందుకోవాలని వాడు తన బైకు ఎన్నడూ చూడని వేగానికి వెళతాడు. ఆ తరువాత ఏదైనా జరిగితే నీ కారుకు గీత కూడా పడదు. అప్పుడు "నేను తగల్లేదు కదా" అనుకోవడానికి వీలుంటుందేమో కానీ, చట్టం మాత్రం పందెంలో పాల్గొన్నవాడిని అడుగుతుంది, తగిలిన వాడిని మాత్రమే కాదు. ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీ ముందు నిలబడ్డ ఆ పిల్లవాడి తల్లిదండ్రులు అడిగేది వేరే.

కాబట్టి "సౌండ్ వినిపించు" అన్నప్పుడే తేల్చుకో. అద్దం దించి రెండు మాటలు మాట్లాడు. బండి పేరు చెప్పు, ధర అడిగితే చెప్పు, ఫొటో తీసుకుంటానంటే పక్కకు ఆపి తీసుకోనివ్వు. వాడికి కావలసింది సగం అదే. ఆక్సిలరేటర్ మాత్రం ముట్టుకోకు. దీపం మారాక వాడిని ముందు వెళ్లనివ్వు, నువ్వు ఒక లెక్క పెట్టి కదులు. అయినా వెంటపడితే పెట్రోలు బంకులోకి తిప్పు. కారువాళ్లకూ ఇదే మంత్రం. హైవే మీద ఎవరైనా వెనక లైట్లు కొడితే దారి ఇవ్వు. ఇచ్చినంత మాత్రాన నీ నాలుగు వందల గుర్రాల్లో ఒక్కటీ తగ్గదు.

నీ స్నేహితులతో ఆదివారం తెల్లవారుజామున వెళ్లే డ్రైవ్‌ల సంగతి కూడా విన్నాను. వాటిలో ఎవరూ పందెం వేయరట. నమ్ముతాను. కానీ ఆరు బండ్లు వరుసగా వెళుతుంటే ఒకటి గమనించు. ముందున్నవాడు ఒక లారీని దాటి వందలో హాయిగా పోతుంటాడు. రెండోవాడికి లారీ దగ్గర కాస్త ఆలస్యమవుతుంది, అందుకోవడానికి నూట పది వేస్తాడు. ఆ ఆలస్యం ఒక్కో బండికీ పెరుగుతూ పోయి, చివరివాడు నూట యాభైలో ఉంటాడు, అదీ ఎదుట ఏముందో తెలియకుండా, ముందు బండి వెళ్లింది కదా అన్న ధీమాతో. వరుసలో చివరి బండి సాధారణంగా కొత్తగా చేరినవాడిది. అంటే ఇప్పుడు నీది. వాళ్లతో చెప్పు: పెంబర్తి దగ్గర టీ, భువనగిరి దగ్గర టిఫిను, ఎవరి వేగంలో వాళ్లు రావాలి, ఎవరూ ఎవరినీ అందుకోనక్కరలేదు. ఒప్పుకోకపోతే అది డ్రైవ్ కాదు, పేరు మార్చుకున్న పందెం. అలాంటప్పుడు టిఫిను హనుమకొండలోనే తిను, ఇక్కడ ఇడ్లీ బాగానే ఉంటుంది.

మన రోడ్ల సంగతి నీకు చెప్పాలా అనుకున్నాను. ఏళ్ల తరబడి హైదరాబాదులో ఉన్నావు కాబట్టి చెప్పాలి. అక్కడి ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లు, ఎనిమిది వరుసలు, కంచె వేసిన దారి, బైకులకు అనుమతి లేదు. అక్కడ కూడా పరిమితి 120. మన 163వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలదే కానీ, ఊళ్ల మధ్య నుంచి పోతుంది. స్టేషన్ ఘన్‌పూర్, రఘునాథపల్లి వైపు డివైడరు తెగిన ప్రతి చోటా ఒక ట్రాక్టర్ తిరుగుతుంటుంది. ట్రాలీకి వెనక దీపం ఉండదు. కిలోమీటరు చుట్టి రావడం ఎందుకని రాంగ్ రూట్‌లో వచ్చే బైకు ఉంటుంది, దాని మీద పాల క్యాన్లు ఉంటాయి. యాసంగి కోతలప్పుడు సర్వీసు రోడ్డు మీదా, ఒక్కోసారి హైవే అంచు వరుస మీదా వడ్లు ఆరబోస్తారు. బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రికి నల్ల టార్పాలిన్ కప్పుతారు. నల్ల తారు మీద నల్ల టార్పాలిన్. దాని పక్కనే కాపలాకు రైతు పడుకుని ఉంటాడు. అలా ఆరబోయడం సరికాదని పోలీసులు చెబుతూనే ఉంటారు, కల్లం లేని రైతు ఆరబోస్తూనే ఉంటాడు. ఎవరిది తప్పు అన్నది పగటిపూట మాట్లాడుకోవచ్చు. రాత్రి నీ దీపాల ముందు ఉండేది మనిషి.

మిర్చి కాలంలో ఏనుమాముల మార్కెట్‌కు పొద్దున్నే వరుసలో ఉండాలని రాత్రంతా బస్తాల ట్రాలీలు, ఆటోలు వస్తుంటాయి. కరీంనగర్ వైపు పోతే హసన్‌పర్తి, ఎల్కతుర్తి, హుజూరాబాద్ దాకా ఇదే కథ. ములుగు రోడ్డు సరే సరి, మేడారం జాతర రోజుల్లో నీ బండిని ఇంట్లోనే పెట్టు. తొలకరి వాన పడ్డ మొదటి గంట మరీ జాగ్రత్త. వేసవి అంతా రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము తడిసి జారుడుగా మారతాయి. నీది వెనక చక్రాలు తోసే బండి. తడి మలుపులో ఆక్సిలరేటర్ గట్టిగా నొక్కితే తోక ముందుకు రావాలని చూస్తుంది. బండి అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ దాన్ని పట్టుకుంటుంది, నువ్వు బటన్ నొక్కి తీసేయనంత వరకు. నీ బండిలో ట్రాక్ మోడ్ అనే సెట్టింగు ఉంటుంది, దాన్ని మన రోడ్డు మీద వాడకు. పేరులోనే ఉంది అది ఎక్కడిదో.

ఒక లెక్క చెబుతాను, నువ్వు ఇంజనీరువి, కాగితం మీద వేసి సరిచూసుకో. ప్రమాదం కంటపడి కాలు బ్రేకు మీదకు చేరడానికి ఒకటిన్నర సెకను అనుకుందాం. పొడి రోడ్డు, మంచి టైర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి మొత్తం 90 మీటర్ల పైచిలుకులో ఆగుతుంది: బ్రేకు పడకముందే 42 మీటర్లు, పడ్డాక మరో 49. అదే బండి 160లో ఉంటే 190 మీటర్లు దాటుతుంది. ఇది అందరూ చెప్పేదే. అసలైనది ఇప్పుడు చూడు. వందలో వచ్చిన బండి పూర్తిగా ఆగిపోయిన ఆ చోటుకు 160లో వచ్చిన బండి చేరేసరికి దాని వేగం ఎంత? ఇంకా 140 పైనే. ఎందుకంటే ఆ దూరంలో ఎక్కువ భాగం బ్రేకు తాకకుండానే అయిపోయింది. ఎదురుగా బండ్లున్నప్పుడు వేసే డిమ్ లైట్ల వెలుగు యాభై, అరవై మీటర్లకు మించి పనికిరాదు. ఇక నువ్వే చూసుకో.

చట్టం, బీమా త్వరగా ముగిస్తాను. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రభుత్వ అనుమతి లేని పందెం గురించే. 2019 సవరణ తరువాత మొదటిసారికి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. జరిమానా చూసి నవ్వుకోకు. మనిషి పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. నీ పాలసీలో వాడకంపై పరిమితులు అన్న పేరా చదివావా? పందెం, వేగ పరీక్ష అని స్పష్టంగా రాసి ఉంటుంది, వాటిలో నీ బండికి జరిగిన నష్టానికి పరిహారం రాదు. ఇంజిన్ కంప్యూటర్‌ను ట్యూనింగ్ చేయించి కంపెనీకి చెప్పకపోతే అక్కడా చిక్కే. సర్వేయర్లు దాన్ని పట్టలేరని ఎవరైనా అంటే నా దగ్గరకు పంపు.

మరి ఈ గుర్రాలను ఏం చేసుకోవాలి అంటావు. పరుగెత్తించు, అవి పరుగెత్తే చోట. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాకు ఉంది, 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. సొంత బండి తెచ్చుకుని నడుపుకునే ట్రాక్ డేలు పెడుతుంటారు. నీ బండి బరువైనది, బ్రేకులు త్వరగా వేడెక్కుతాయి. వెళ్లే ముందు బ్రేకు ఆయిల్ మార్పించు, అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది కాబట్టి ఎలాగూ రెండేళ్లకోసారి మార్చాలి. మొదటి రోజు గురువును పక్కన కూర్చోబెట్టుకో. హైవే మీద నూట అరవై తొక్కిన వీరులు అక్కడ మొదటి మలుపుకే నోరు మూసుకుంటారు, ఎందుకంటే నేరుగా పోవడం బండి పని, మలుపు మనిషి పని. ఆ ట్రాకులో వెనకబడితే నవ్వుతారు, నవ్వనీ. బండి నేర్చుకున్న వాళ్లందరినీ చూసి ఎవరో ఒకరు నవ్వారు.

పాత పాలసీ నీ పేరు మీదకు మారిందో లేదో చూడు. ఆర్‌సీ మారి, పాలసీ అమ్మినవాడి పేరు మీదే ఉండిపోయిన కేసులు ఎన్నో. వచ్చే ఆదివారం బండి ఇక్కడికి తీసుకురా, లిఫ్టు మీద ఎక్కించి కింద అంతా చూద్దాం. సీటు బెల్టు కూడా చివరిదాకా లాగి చూస్తాను, పాత యజమాని సంగతి అదే చెబుతుంది. మీ అమ్మను వెంటబెట్టుకు రా. ముందు సీట్లోనే కూర్చోబెట్టు, వెనక సీటు గురించి మళ్లీ అరగంట వినే ఓపిక నాకు లేదు.

ఇట్లు
మామయ్య