ఫైలు చివర మనిషి

ప్రశ్న: నా వయసు 39. ఒక ఆరోగ్య బీమా సంస్థ క్లెయిముల విభాగంలో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మొదటి తొమ్మిదేళ్లు ఎలా గడిచాయో తెలియదు. క్లెయిము మంజూరైతే ఆ కుటుంబానికి నేనే ఫోన్ చేసి చెప్పేదాన్ని. ఆరేళ్ల కిందట ఒక పెద్దాయనకి, ఆయన భార్య ఆపరేషన్ డబ్బు వస్తోందని చెప్పగానే మాట రాలేదు. చాలాసేపటికి "లైన్లోనే ఉన్నావా తల్లీ?" అని అడిగారు. కొత్త మేనేజర్ వచ్చాక ఆ ఫోన్లు ఆపేశారు. ఇప్పుడు మెసేజ్ దానంతటదే వెళ్తుంది. మా పని రోజుకి ఇన్ని ఫైళ్లు క్లియర్ చేయడం. రెండు నెలల కిందట నా పక్క సీట్లో ఎనిమిదేళ్లు కూర్చున్న స్నేహితురాలు మానేసింది. ఆమె ఫైళ్లలో సగం నాకే వచ్చాయి. పొద్దున తొమ్మిదికి వెళ్తే బయటపడేసరికి రాత్రి ఎనిమిది. ఆదివారం సాయంత్రమైతే చాలు గుండె దడ. ఆఫీసు పార్కింగ్‌లో బండి ఆపి పది నిమిషాలు అలాగే కూర్చుండిపోతున్నాను. మావారేమో "ఎక్కడికెళ్లినా ఇంతే, జీతం టైముకి పడుతోంది, ఇంటి లోను ఉంది" అంటారు. మొన్న మా ఏడేళ్ల బాబు నేను ఇంట్లోకి రాగానే "అమ్మా, ఇవాళ కోపంగా ఉన్నావా, మామూలుగా ఉన్నావా?" అని అడిగాడు. ఆ రాత్రే రాజీనామా రాసి డ్రాఫ్టులో పెట్టుకున్నాను. పంపేయమంటారా?

సలహా: ఆ డ్రాఫ్టుని అలాగే ఉండనివ్వండి. చెరిపేయక్కర్లేదు, ఇప్పుడే పంపనూ వద్దు. మీరు మానేయకూడదని నేననడం లేదు. నాలుగైదు నెలల్లో ఆ ఆఫీసు వదిలేయడమే మంచిదని తేలినా తేలొచ్చు. కానీ ఏం పోగొట్టుకుని ఇంత బాధపడుతున్నారో మీకు తెలిశాక వెళ్తే, వెళ్లిన చోట దాన్ని వెతుక్కోగలుగుతారు. తెలియకుండా వెళ్తే సీటు మారుతుంది, మేనేజర్ మారతారు, దిగులు మాత్రం మీ వెంటే వస్తుంది.

మీ ఉత్తరం ఒకటికి రెండుసార్లు చదివాను. జీతం తక్కువని ఎక్కడా రాయలేదు. మేనేజర్ కేకలేశారనీ లేదు. మీరు ఆగి, తీరిగ్గా రాసింది ఒక్క ఆ పెద్దాయన ఫోను సంగతే. ఆరేళ్లయినా ఆయన అన్న మాట అన్నట్టుగా గుర్తుంది. పోయిన వారం క్లియర్ చేసిన ఫైళ్లలో ఒక్క పేరు చెప్పమంటే చెప్పగలరా? కష్టమే. అందులో మీ తప్పేం లేదమ్మా. అప్పట్లో ఫైలు చివర ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు అక్కడ ఒక అంకె ఉంది.

దీని మీద ఒక ప్రయోగం జరిగింది. ఆడమ్ గ్రాంట్ అనే పరిశోధకుడు తోటివాళ్లతో కలిసి 2007లో దాన్ని ప్రచురించారు. అందులో పాల్గొన్నది అమెరికాలో ఒక యూనివర్సిటీ కోసం ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగులు. పొద్దస్తమానం "వద్దండీ" అనిపించుకునే పని. వాళ్లలో కొందరికి, ఆ విరాళాలతో స్కాలర్‌షిప్ అందుకున్న ఒక విద్యార్థితో ఐదు నిమిషాలు ముఖాముఖి మాట్లాడే వీలు కల్పించారు. నెల పోయాక చూస్తే ఆ కొందరు ఫోన్ మీద గడిపే సమయం 142 శాతం, తెచ్చిన విరాళం 171 శాతం పెరిగాయి. జీతం పెంచింది లేదు, పని మార్చిందీ లేదు. ఇంకొందరికి అలాంటి విద్యార్థి రాసిన ఉత్తరం మాత్రం చదివించారు. వాళ్ల పనిలో మార్పు రాలేదు. ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూసి మాట్లాడిన మనిషే కావలసి వచ్చాడు.

మీ ఆఫీసులో సరిగ్గా దీన్ని తిరగేశారు. ఉన్న మనిషిని తీసేశారు. మీ మేనేజర్‌కి చెడు ఉద్దేశం ఉండి ఉంటుందని నేననుకోను. ఫోనుకి నాలుగు నిమిషాలు పడుతుంది, మెసేజ్‌కి ఏమీ పట్టదు, కాగితం మీద ఆ లెక్క సరిగ్గానే కనిపిస్తుంది. కానీ ఆ నాలుగు నిమిషాల్లోనే మీరు తర్వాతి ఇరవై ఫైళ్లకి సరిపడా ఓపిక కూడగట్టుకునేవారు. ఆ సంగతి ఏ లెక్కలోనూ రాదు. మీరు నోరు తెరిచి చెబితే తప్ప ఆయనకి తెలిసే దారి లేదు.

ఇక మీవారి మాట. ఆయన మీద కోపం తెచ్చుకోకండి. ఆయన చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. ఫ్రెడరిక్ హెర్జ్‌బెర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1959లో, సుమారు 200 మంది ఇంజినీర్లు, అకౌంటెంట్లు చెప్పిన సంగతుల ఆధారంగా ఒక విషయం రాశారు. పనిలో మీకు బాగా సంతోషం కలిగింది ఎప్పుడు, బాగా బాధ కలిగింది ఎప్పుడు అని వాళ్లని అడిగారు. బాధ గురించి చెప్పేటప్పుడు కంపెనీ రూల్సు, పైవాళ్ల తీరు, జీతం, పనిచేసే పరిస్థితులు ఎక్కువగా వచ్చాయి. సంతోషం గురించి చెప్పేటప్పుడు సాధించిన పని, దొరికిన గుర్తింపు, చేసే పనే వచ్చాయి. ఆయన లెక్కలతో తర్వాతివాళ్లు చాలా చోట్ల విభేదించారు. అయినా నా దగ్గరికి వచ్చే దంపతుల గొడవల్లో ఈ తేడా నాకు పదే పదే కనిపిస్తుంది. జీతం టైముకి పడితే ఒక బాధ తప్పుతుంది. అంతమాత్రాన పొద్దున్నే లేవాలన్న ఉత్సాహం దానంతటది రాదు. మీవారు మొదటిదాని గురించి మాట్లాడుతున్నారు, మీరు రెండోదాని గురించి. అందుకే రోజూ మాట్లాడుకుంటున్నా ఒకరి మాట ఒకరికి ఎక్కడం లేదు.

ఈసారి "నేను మానేస్తాను" అని మొదలుపెట్టకండి. ఆ మాట వినగానే ఆయనకి లోను వాయిదా తప్ప ఇంకేదీ వినపడదు. పార్కింగ్‌లో కూర్చునే ఆ పది నిమిషాల గురించి చెప్పండి. ఆయనకి అది తెలుసా? తెలియదనే నా అనుమానం. ఆ తర్వాత "నేను మానేస్తే మీకు అన్నిటికన్నా భయం వేసేది ఏమిటి?" అని అడిగి, ఆయన జవాబు మధ్యలో ఆపకుండా వినండి. ఎన్ని నెలల వాయిదాలకి డబ్బు చేతిలో ఉండాలి, నోటీసు కాలం ఎంత, కొత్త ఉద్యోగం చేతికొచ్చాకే వదలాలా, ఇవన్నీ ఇద్దరూ కలిసి కాగితం మీద పెట్టుకుంటే ఆయన భయం ఒక లెక్కకి వస్తుంది. లెక్క తెలిసిన భయంతో మాట్లాడటం తేలిక.

ఆరోగ్యం సంగతి మాత్రం వాయిదా వేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌ని రోగంగా కాకుండా పనికి సంబంధించిన పరిస్థితిగా వివరించింది. ఒంట్లో సత్తువ అయిపోయినట్టుండటం, పని మీద మనసు విరిగిపోవడం, ఏం చేసినా సరిగ్గా చేయలేకపోతున్నాననిపించడం, ఈ మూడూ దాని గుర్తులు. పనిలో టెన్షన్ ఎక్కువ కాలం సాగి, దాన్ని సర్దుబాటు చేయకపోతే ఇలా అవుతుందని ఆ వివరణ సారాంశం. మొదటి రెండూ మీ ఉత్తరంలో ఉన్నాయి. ఇంకో ప్రశ్న మీరే వేసుకోండి. వరసగా నాలుగు రోజులు సెలవొస్తే తేలికపడుతున్నారా? పడుతుంటే బరువు ఎక్కువగా ఆఫీసులోనే ఉందనుకోవచ్చు. సెలవుల్లోనూ దేని మీదా ఆసక్తి లేకపోయినా, నిద్ర పట్టకపోయినా, ఎందుకీ బతుకు అనిపించినా ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టుని కలవండి. గుండె దడ సంగతి ఎలాగూ ఒకసారి డాక్టరుకి చూపించుకోవాలి. టెన్షనే అని మనమే తేల్చేసుకోకూడదు.

తొమ్మిదికి వెళ్లి ఎనిమిదికి బయటపడటం అన్నారు. అంటే రోజుకి 11 గంటలు, ఐదు రోజులకే 55. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రచురించిన అంచనా ప్రకారం వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మానేసిన మనిషి ఫైళ్లు "కొన్నాళ్లే" అంటూ మీ బల్ల మీదికి వచ్చి రెండు నెలలైంది. అవి తిరిగి వెళ్లాలి. ఈ అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

"దృక్పథం మార్చుకోండి, ప్రతి ఫైలులోనూ ఒక మనిషిని ఊహించుకోండి" అనే సలహా మీరు వినే ఉంటారు. నేను ఆ మాట చెప్పలేను. ఆసుపత్రుల్లో శుభ్రం చేసే సిబ్బంది మీద ఎమీ రెజ్‌నెస్కీ, జేన్ డటన్ అనే పరిశోధకులు రాసినది (2001) దీనికి బలంగా చూపిస్తుంటారు. వాళ్లలో కొందరు తాము రోగులు కోలుకోవడంలో పాలుపంచుకుంటున్నామని అనుకునేవారు, రోగులతో, చూడటానికి వచ్చినవాళ్లతో మాట కలిపేవారు. నిజమే, గొప్ప సంగతే. కానీ వాళ్ల ఎదురుగా మంచం మీద రోగి ఉన్నాడు. మీ ఎదురుగా స్క్రీన్ ఉంది. కనబడని మనిషిని ఊహించుకునే భారం కూడా మీ మీదే వేసి, ఊహించుకోలేకపోతే తప్పు మీదే అనడం అన్యాయం. మార్చాల్సింది పని చేసే పద్ధతిని.

కాబట్టి మేనేజర్‌ని అడగండి. "పనిలో అర్థం కనిపించట్లేదు" అంటే ఆయన ఏం చేయగలరు? చేయగలిగిన పని అడగాలి. నేనైతే ఇలా అడిగేదాన్ని: "సార్, అన్ని ఫోన్లూ వద్దు. వారానికి ఐదు. పెద్ద ఆపరేషన్ల క్లెయిములు, లేదా కాగితాలు సరిపోక రెండు మూడుసార్లు తిరిగి వచ్చినవి. మూడు నెలలు చూద్దాం. ఆ ఐదు కుటుంబాల నుంచి మళ్లీ ఫిర్యాదులు తగ్గాయో లేదో నేనే లెక్క రాస్తాను." అడిగే ముందు గత నెలలో ఫోన్ చేసి ఉంటే బాగుండేది అనిపించిన ఐదు కేసులు, పేర్లు లేకుండా ఒక కాగితం మీద రాసుకెళ్లండి. మాటలు గాలికి పోతాయి, కాగితం బల్ల మీద ఉండిపోతుంది. ఫైళ్ల భారం సంగతి మాత్రం ఇందులో కలపకండి. దానికి వేరే రోజు, వేరే మాట. రెండూ కలిపితే ఆయన తేలికైనదానికి సరేనని రెండోది మర్చిపోతారు.

ఒప్పుకోకపోతే? అప్పుడు వెతకడం మొదలుపెట్టండి, ఉద్యోగంలో ఉంటూనే. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నేనూ ఒక చోట కోపంతో మానేశాను. కొత్త చోట జీతం ఎక్కువ, గది పెద్దది. నాలుగో నెలలో తెలిసింది నాకేం పోయిందో. పాత చోట శుక్రవారం మధ్యాహ్నాలు ఇద్దరు సీనియర్లు కూర్చుని, మాకు కొరుకుడుపడని కేసులు వినేవారు. "ఇది నీ ఒక్కదాని వల్ల అయ్యేది కాదులే" అని వాళ్లంటే ఎంత బరువు దిగేదో. కొత్త చోట అలాంటిది ఉందా అని ఇంటర్వ్యూలో అడగాలని కూడా నాకు తోచలేదు. మీరు అడగండి. "నేను చేసిన పని ఎవరికి చేరుతుంది, వాళ్లతో మాట్లాడే అవకాశం ఉంటుందా?" అనండి. ఆ ప్రశ్నకి ఎదుటివాళ్ల ముఖం ఎలా మారుతుందో చూడండి.

ఉద్యోగాలు ఎందుకు వదులుతారన్న దాని మీద థామస్ లీ, టెరెన్స్ మిచెల్ అనే పరిశోధకులు 1994లో ఒక మాట చెప్పారు. అసంతృప్తి కొంచెం కొంచెంగా పేరుకుని వెళ్లేవాళ్లే కాదు, ఏదో ఒక కుదుపు తగిలి లేచి వెళ్లేవాళ్లూ చాలామంది ఉంటారని. మీకు రెండు కుదుపులు వెంటవెంటనే తగిలాయి. ఒకటి స్నేహితురాలు వెళ్లిపోవడం, రెండోది బాబు ప్రశ్న. డ్రాఫ్టు రాసింది ఆ రాత్రే కదా. అందుకే ఇప్పుడే పంపొద్దన్నాను. ఉండిపోవడానికి కారణాల మీద కూడా వాళ్లు తర్వాత పనిచేశారు. అక్కడి మనుషులతో ముడులు, ఆ పని మనకి నప్పడం, వెళ్తే వదులుకోవాల్సినవి. మీ ఆఫీసులో మీ చేతి కింద పని నేర్చుకున్నవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లని తలుచుకుని కాలు ఆడకపోతే అది పిరికితనమని అనుకోకండి. ఉండటానికి అదీ ఒక నిజమైన కారణమే. చాలుతుందా లేదా అన్నది మీరే తూచుకోవాలి.

బాబుకి ఈ రోజే జవాబు చెప్పండి. "ఆఫీసులో కష్టంగా ఉంది నాన్నా, నీ మీద కోపం లేదు" అంటే చాలు. ఆ వయసు పిల్లలు అమ్మ ముఖం చూసి తప్పు తమదేమో అనుకుంటారు. కుదిరితే పార్కింగ్‌లో కూర్చునే ఆ పది నిమిషాల్లో ఐదింటిని సాయంత్రానికి మార్చుకోండి. ఇంటి ముందు బండి ఆపి, ఫోన్ చూడకుండా కూర్చుని, అప్పుడు లోపలికి వెళ్లండి.

ఇంకొక్కటి. మీ స్నేహితురాలు ఎందుకు మానేసిందో మీ ఉత్తరంలో లేదు. ఎనిమిదేళ్లు పక్కపక్కన కూర్చున్నారు, అదే పని చేశారు, ఆ ఫోన్లు ఆమె కూడా చేసి ఉంటుంది. ఆమె వెళ్లి రెండు నెలలైంది. అడిగారా? ఈ ఆదివారం సాయంత్రం, ఆ దడ మొదలయ్యే వేళకి, ఆమెకి ఫోన్ చేయండి.