పేగు గోడకి ఏ వైపు?

చిరంజీవికి ఆశీస్సులు.

పేగు గోడ బాక్టీరియాని ఎలా ఎదుర్కొంటుందో రాసిన నీ చిత్తుప్రతి చదివాను. చెయ్యి తిరుగుతోంది. కానీ మొదటి పేరాలోనే కోట, సైనికులు, ముట్టడి అంటూ యుద్ధం మొదలుపెట్టేశావు. ఆ పోలిక తీసెయ్. పెద్దపేగులో లక్షల కోట్ల బాక్టీరియా ఏళ్ల తరబడి కాపురం ఉంటాయి. కనబడిన ప్రతిదాని మీదా విరుచుకుపడితే ముందు పాడయ్యేది పేగే. ఎవరి జోలికి పోకూడదో తేల్చుకోవడమే దానికి పెద్ద పని.

ఆ తేల్చుకోవడం చాలావరకు చోటుని బట్టి జరుగుతుంది. బాక్టీరియా తోకలో ఫ్లాజెల్లిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. మంచిదానికైనా చెడ్డదానికైనా తోక తోకే. దాన్ని పసిగట్టే టీఎల్ఆర్-5 గ్రాహకం పెద్దపేగు కణాలకి ఎక్కువగా అడుగు వైపున, అంటే శరీరం లోపలి వైపున ఉంటుంది. ఆహారం నడిచే గొట్టం వైపు తోక తగిలితే పెద్దగా చలనం ఉండదు. అదే తోక గోడ దాటి అడుగున తగిలిందా, కణం ఐఎల్-8 అనే పిలుపు రసాయనాన్ని విడుదల చేస్తుంది, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వచ్చిపడతాయి. వ్యాసం ఇక్కడ ఎత్తుకో.

రెండు పేగుల్నీ కలిపేశావు, విడదియ్యి. గోడ రెండింటిలోనూ ఒకే కణం మందం, మూడు నుంచి అయిదు రోజుల్లో కొత్తదవుతుంది. తేడా గోడని కప్పే జిగురులో ఉంది. పెద్దపేగులో అది రెండు పొరలు, లోపలి దాంట్లోకి బాక్టీరియా దాదాపు రావు. చిన్నపేగులో ఒకటే వదులు పొర. అందుకే అక్కడ గోడలోని గుంటల అడుగున పేనెత్ కణాలు కూర్చుని డెఫెన్సిన్లు, లైసోజైమ్ అనే బాక్టీరియాని చంపే ప్రోటీన్లు వదులుతుంటాయి.

ఇక కాలం. బాక్టీరియా చొరబడగానే యాంటీబాడీలు పరిగెత్తుకొచ్చాయని రాశావు. డెఫెన్సిన్లు ముందే సిద్ధం, న్యూట్రోఫిల్స్‌కి గంటలు చాలు, కొత్త శత్రువుకి తగిన ఐజీఏ (పేగులోకి స్రవించే యాంటీబాడీ) తయారవడానికి వారం అటూఇటూ పడుతుంది. అన్నట్టు, ఐజీఏ ‘చంపుతుంది’ అనకు. అది బాక్టీరియాని గుత్తులుగా అంటించి గోడకి చేరనివ్వదు, అంతే.

టెన్నిస్ కోర్టంత పేగు అన్న మాట కూడా కొట్టెయ్. 2014లో లెక్క సరిచూస్తే మొత్తం జీర్ణనాళం లోపలి వైశాల్యం సుమారు 32 చదరపు మీటర్లే తేలింది.

నాలుగు బాక్టీరియా పేర్లు గుప్పించకుండా జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లా ఒక్కదాన్ని పట్టుకో. కలరాది ఈ వరసే కాదు, అది గోడలోకి చొరబడదు, పైనుంచే విషం వదులుతుంది. షిగెల్లా పదో వందో కడుపులోకి పోయినా జబ్బు రావచ్చు. గొట్టంలో ఏముందో నమూనా తీసి కింది కణాలకి అందించడం ఎం కణాల పని, షిగెల్లా ఆ తలుపులోంచే దూరుతుంది. కింద మాక్రోఫేజ్ అనే రక్షక కణం మింగితే దాన్నే చంపి బయటపడి, గోడ కణంలోకి అడుగు వైపు నుంచి ఎక్కుతుంది. తమాషా చూడు, షిగెల్లాకి తోక లేదు! పైన చెప్పిన టీఎల్ఆర్-5 గంట మోగనే మోగదు. కణం లోపల నాడ్-1 అనే గ్రాహకం ఆ బాక్టీరియా సొంత గోడ ముక్కల్ని గుర్తుపట్టాకే ఐఎల్-8 వెలువడుతుంది. పిలుపందుకున్న న్యూట్రోఫిల్స్ కణాల మధ్య సందుల్ని విడగొట్టుకుంటూ వస్తాయి, ఆ సందుల్లోంచి మరికొన్ని షిగెల్లాలు లోపలికి జారతాయి. చివరికి వాటిని మట్టుబెట్టేవీ ఆ న్యూట్రోఫిల్సే. జిగట విరేచనాల్లో పడే రక్తం, చీము ఈ రాకపోకల ఫలితం. ఈ మెలికని తొందరపడి ఒక్క వాక్యంలో తేల్చెయ్యకు, కనీసం రెండు పేరాలియ్యి.

చోటుంటే, విరేచనాలు తెచ్చే మరో బాక్టీరియా సాల్మొనెల్లా టైఫిమ్యూరియం ముచ్చట కలుపు. న్యూట్రోఫిల్స్ చిమ్మే ఆక్సిజన్ రసాయనాల వల్ల పేగులోని థయోసల్ఫేట్ టెట్రాథయోనేట్‌గా మారుతుంది. సాల్మొనెల్లా ఆక్సిజన్ బదులు దాంతో శ్వాసిస్తుంది. ఎప్పట్నుంచో అక్కడున్న బాక్టీరియాలో చాలావాటికి ఆ విద్య రాదు. న్యూట్రోఫిల్స్ తెచ్చిన వాపు సాల్మొనెల్లాకే కలిసొస్తుందన్నమాట. దీన్ని టైఫాయిడ్‌కి మాత్రం అంటగట్టకు, టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా రకం వీఐ అనే పైతొడుగు కప్పుకుని సద్దు చెయ్యకుండా జారుకుంటుంది.

తిరగరాసి పంపేటప్పుడు ప్రతి పేరా పక్కన రెండు విషయాలు పెన్సిల్‌తో రాసిపెట్టు: బాక్టీరియా గోడకి ఏ వైపున ఉంది, లోపలికొచ్చి ఎన్ని గంటలైంది.