అబ్బా వసీయత్ రాసేముందు: సలీంకు ఉత్తరం

బేటా సలీం,

అస్సలాము అలైకుమ్. మీ అబ్బా వసీయత్ (వీలునామా) రాద్దామనుకుంటున్నారని, అందులో కొంత మీ ట్రస్టుకు, కొంత చనిపోయిన మీ పెద్దన్న కొడుక్కి ఇవ్వాలనుకుంటున్నారని రాశావు. ఆ పిల్లాడి సంగతి ముందు తేల్చుకోండి. మీరిద్దరు కొడుకులూ బతికుండగా మనవడికి వారసత్వంగా పైసా రాదు. వాడికి చేరేది వసీయత్‌లో రాస్తేనే. దీన్ని మర్చిపోయిన ఇళ్లలో తండ్రిలేని పిల్లలు వీధిన పడతారు, అందుకే గట్టిగా చెబుతున్నాను.

లెక్క ఇలా వేయండి. ఆస్తి మొత్తం కోటి రూపాయలనుకుందాం. కఫన్ దఫన్ (అంత్యక్రియల) ఖర్చు 50 వేలు, బ్యాంకు అప్పు 8 లక్షలు, మీ అమ్మీకి ఇవ్వాల్సి ఉన్న మహర్ (నికాహ్‌లో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము) లక్షన్నర. మహర్ కూడా అప్పే, దాన్ని ఆమె వాటాలో కలపకూడదు. ఈ 10 లక్షలూ పోతే మిగిలేది 90 లక్షలు. వసీయత్ చెల్లేది అందులో మూడో వంతు, అంటే 30 లక్షల వరకే. కోటిలో మూడో వంతని వేస్తే అక్కడే తప్పు మొదలవుతుంది. మిగతా 60 లక్షల్లో అమ్మీకి ఎనిమిదో వంతు, ఏడున్నర లక్షలు. తక్కిన 52.5 లక్షలు ఐదు పాళ్లు చేసి మీ అన్నదమ్ములకు రెండేసి, చెల్లెలికి ఒకటి: మీకు 21 చొప్పున, ఆమెకు పదిన్నర. (అబ్బా తల్లిదండ్రులు లేరు కాబట్టి ఈ లెక్క. ఉంటే వాళ్లకూ ఆరో వంతు చొప్పున ఉంటుంది.)

వసీయత్‌లో రూపాయల అంకె వేయొద్దు. ఫలానా ప్లాటు ట్రస్టుకు అని కూడా రాయొద్దు. మూడో వంతును లెక్కగట్టేది మరణం నాటి విలువ మీద. ఇవాళ 20 లక్షల ప్లాటు అప్పటికి 45 అయితే హద్దు దాటి, మీ అందరి ఒప్పుకోలు కావాల్సి వస్తుంది. 'వసీయత్ చెల్లే మూడో వంతులో రెండు పాళ్లు ట్రస్టుకు, ఒక పాలు మనవడికి' అని రాయించు. ఆస్తి పెరిగినా తరిగినా నిలబడుతుంది.

మీ చెల్లెలికో నీకో వసీయత్ ద్వారా ఎక్కువ ఇవ్వాలనుకుంటే కుదరదు. వారసులకు రాసింది మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. ఆ ఒప్పుకోలు కూడా ఆయన పోయాక ఇచ్చిందై ఉండాలి. ఇప్పుడు సంతకాలు పెట్టించుకున్నా హనఫీ ఫిఖ్హ్‌లో (సున్నీల్లో ఒక ధర్మశాస్త్ర పద్ధతి) దానికి బలం లేదు. ఆరోగ్యంగా ఉండగా హిబా (బతికుండగానే ఇచ్చేసే దానం) చేస్తే చేయొచ్చు: ఇస్తున్నాననడం, పుచ్చుకోవడం, స్వాధీనం, మూడూ జరగాలి. తాళం చేతికివ్వకుండా, ఇంటిపన్ను పాత పేరునే ఉంచేస్తే కోర్టులో ఆ హిబా నిలవడం కష్టం. మరణ రోగంలో ఇచ్చింది మళ్లీ మూడో వంతు హద్దులోకే వస్తుంది.

బ్యాంకు నామినీ నువ్వే కదా అని నిశ్చింతగా ఉండకు. నామినీ డబ్బు అందుకునేవాడే, యజమాని కాడు.

ముస్లింల వీలునామాకు సాక్షులు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కావు. నోటిమాటగా చెప్పినా చెల్లుతుంది. అయినా రాయించండి. లబ్ధి లేని ఇద్దరు సాక్షులు, పెద్దవయసు కాబట్టి ఆ రోజుటి డాక్టరు సర్టిఫికెట్, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్. స్టాంపు డ్యూటీ ఉండదు. ట్రస్టు పేరు దస్తావేజులో ఉన్నది ఉన్నట్టు, రిజిస్ట్రేషన్ నంబరుతో రాయాలి. 'మన అనాథాశ్రమానికి' అని రాస్తే గొడవే.

ఇక మీ ట్రస్టు. దస్తావేజులో 'పేద ముస్లింలకు మాత్రమే' అని ఉంటే విరాళమిచ్చేవాళ్లకు పన్ను రాయితీ (పాత చట్టంలో 80జీ) రాదు, ఒక మతస్థులకే పరిమితమైన సంస్థకు ఆ రాయితీ లేదు. 'మతభేదం లేకుండా పేదలకు' అని ఉండాలి. జకాత్‌ను (ముస్లింలు తమ సంపదలోంచి ఏటా విధిగా ఇచ్చే దానం) మాత్రం వేరే ఖాతాలో పెట్టు. అది అర్హులైన ముస్లిం పేదల చేతికి సొంతంగా అందాలి, భవనానికో జీతాలకో వాడకూడదు. చాలా ట్రస్టులు జకాత్‌నూ మామూలు విరాళాలనూ ఒకే ఖాతాలో వేసి, ఆడిటరుకూ అల్లాహ్‌కూ జవాబు చెప్పలేకపోతున్నాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్లు, ఫారాల నంబర్లు మారాయి, పాత నమూనాలు నింపకు.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు భారత పాస్‌పోర్టుతో ఉండి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా రూపాయి పుచ్చుకోవద్దు.

వక్ఫ్ (ఆస్తిని శాశ్వతంగా ధర్మకార్యానికి అంకితం చేయడం) చేద్దామని అబ్బా అంటే ఆలోచించమను. 2025 సవరణ తర్వాత దస్తావేజు లేకుండా వక్ఫ్ చేయడానికి లేదు. వక్ఫ్ బోర్డులో రిజిస్టరు చేయించాలి, ముతవల్లి (వక్ఫ్ ఆస్తి చూసుకునేవాడు) ఏటా లెక్కలివ్వాలి. ఒకసారి వక్ఫ్ అయితే అమ్మడానికి వీల్లేదు. పిల్లల ఫీజులు కట్టాలన్నదే మీ ఉద్దేశమైతే ట్రస్టే మేలు.

ముందు బ్యాంకు నుంచి అప్పు బాకీ కాగితం, నికాహ్‌నామా నకలు తెప్పించు. మహర్ ఎంత ముట్టిందో అమ్మీనే అడుగు, కాగితం మీద ఉన్నదీ ఆమె చేతికి వచ్చిందీ ఒకటి కాకపోవచ్చు. ఆ అంకెలు పంపితే లెక్క వేసి పెడతాను.

దువాలతో,
మీ మామూ